కర్టెన్ రాడ్డు తుపాకీ

రాజమండ్రిలో నేను పనిచేసిన నర్సింగ్ హోములో, మా ఫిజియోథెరపీ గదిలో రెండు మంచాల మధ్య ఉండే కర్టెను చాలాకాలం పురికొస మీద వేలాడింది. ఫ్యాను వేస్తే చాలు, మధ్యకి జారి కుప్పపడేది. పేషెంట్లు విసుక్కునేవారు. "ఇక్కడుండాల్సిన రాడ్డు ఏమైందమ్మా?" అని మా డాక్టరు గారు అడిగినప్పుడల్లా "మంచి పనికే పోయిందండి" అని తప్పించుకునేదాన్ని. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికొచ్చి అనుభవాలు చెప్పమంటారు. వాళ్ల దగ్గరిప్పుడు కరెంటుతో వేళ్లు కదిలించే తొడుగులున్నాయి, తెర మీద ఆడించే ఆటలున్నాయి. వాటి గురించి నాకు తెలిసింది తక్కువ. అందుకని ఆ రాడ్డు సంగతే చెబుతుంటాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తరోజులు. నేను కొవ్వూరు నుంచి రోజూ రైల్లో గోదావరి దాటి డ్యూటీకి వచ్చేదాన్ని. ఫిజియోథెరపీ అంటే ఏంటో చాలామందికి తెలియదు. నన్ను "కరెంటు పెట్టే డాక్టరమ్మ" అనేవారు. కరెంటు పెట్టించుకుంటే వైద్యం జరిగినట్టు, వ్యాయామం చేయిస్తే మోసం చేసినట్టు చూసేవారు. నాకు తోడుగా ఒక ఆయా ఉండేది. వయసులో నాకంటే చాలా పెద్దది. నోరు మహా గట్టిది, చెయ్యి మహా మెత్తనిది. ఆవిడ వచ్చి తన కాలు పట్టుకుంటే చాలు, పేషెంటు ఏడుపు ఆపేవాడు.

ఒకరోజు డాక్టరు గారు నన్ను పిలిచి, మెయిన్ బజారులో బట్టలకొట్టు షావుకారు గారి ఇంటికి వెళ్లి వైద్యం చెయ్యాలన్నారు. ఆయనకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు తొందరగానే దారికొచ్చింది, మాటా తిన్నబడింది. చెయ్యి మాత్రం రాలేదు. "ఇంకో రెండు మూడు నెలల్లో ఏం వస్తే అదే. ఆ తరవాత బిగుసుకుపోతుంది. ఆయన చూస్తే నర్సుల్ని, నన్నూ కసురుతున్నారు. నీ ఓపిక" అన్నారు.

ఆ షావుకారు గారి చెయ్యి గురించి కొంచెం చెప్పాలి. పెళ్లికి పట్టుచీరలు జనం ఎక్కడైనా కొనుక్కునేవారు. వధూవరులు కట్టుకునే తెల్లటి మధుపర్కాలు మాత్రం ఆయన చేతిమీదుగానే తీసుకునేవారు. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల రైతు కుటుంబాల నమ్మకం. ఆయన మధుపర్కాల మడతకి పసుపు బొట్టు పెట్టి, కుడిచేతిలోకి తీసుకుని, ఎడమచెయ్యి మోచేతికి ఆనించి అందించేవారు. ఆయన తండ్రీ అలాగే ఇచ్చేవారట. అలాంటి మనిషికి ఆ కుడిచెయ్యే పోయింది.

కొట్టు మీదనే ఇల్లు. నేను మేడెక్కేసరికి ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. కింద కొట్లో జనం మాటలు వినిపిస్తున్నాయి. గద్దె మీద ఆయన భార్య కూర్చుంటున్నారు. ఆవిడ వ్యాపారం బాగానే చేస్తున్నారు కానీ, మధుపర్కాల కోసం వచ్చినవాళ్లు "బాబుగారు లేరాండి?" అని అడిగి, లేరంటే తటపటాయించి మళ్లీ వస్తామని వెళ్లిపోతున్నారట.

"కిందికి దిగి ఊరికే కూర్చోవచ్చు కదండీ" అన్నాను మొదటిరోజే, తెలివితక్కువగా.

"కూర్చుని? ఎడమచేత్తో పెళ్లిబట్టలు ఇమ్మంటావా అమ్మా? ఆ పాపం నేను మూటకట్టుకోను" అన్నారు.

బంతి ఇచ్చి నొక్కమన్నాను. విసిరేశారు. అదీ ఎడమచేత్తోనే. గోధుమపిండి ముద్ద ఇస్తే, "నన్ను మళ్లీ పలకా బలపం బళ్లో వేశారేంటమ్మా?" అన్నారు. వారం తిరిగేసరికి ఆ ఇంటి మెట్లెక్కాలంటే నాకే నీరసం వచ్చేది.

ఆ రోజుల్లో ఫ్యాన్సీ షాపుల్లోకి చైనా బొమ్మలు దిగుతున్నాయి. వాళ్ల మనవరాలు సెలవులకొచ్చి వదిలేసి వెళ్లిన నీలం రంగు ప్లాస్టిక్ తుపాకీ ఒకటి ఆ గదిలో మంచం కింద ఉండేది. వేలెడు పొడుగు స్పాంజి గుళ్లు దానికి. గుండుని గొట్టం మూతిలోకి దూర్చి, కింద ఉన్న పిడిని వెనక్కి లాగి, మీట నొక్కితే గాలికి గుండు ఎగురుతుంది. తగిలినా దెబ్బ తగలదు. ఆ రోజు నాకు సాయంగా వచ్చిన మా ఆయా గది ఊడుస్తుంటే అది బయటికొచ్చింది. షావుకారు గారు దాన్ని చూశారు.

"ఇలా పట్రా దాన్ని."

తుపాకీ ఎడమచేత్తో పట్టుకున్నారు. పిడి చుట్టూ కుడిచేతి వేళ్లు నేను బిగించాను. లాగారు. పిడి కదల్లేదు. మళ్లీ లాగారు. మెడ నరాలు తేలాయి, మొహం ఎర్రబడింది. "చిన్నపిల్ల లాగుతుంది దీన్ని" అన్నారు కోపంగా. ఆ కోపం నా మీద కాదు, తుపాకీ మీద. అన్ని రోజుల్లో ఆయన ఒక పని అయ్యి తీరాలని కోరుకోవడం నేను చూసింది అప్పుడే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ బొమ్మని సంచిలో వేసుకుని కొవ్వూరు పట్టుకెళ్లాను.

ఇంట్లో స్క్రూలు విప్పి కూర్చుంటే మావారు పేపరు పక్కనపెట్టి చూశారు. "పెళ్లయిన ఇన్నాళ్లకి తుపాకీ పట్టావు. నేనేం చేశాను?" అన్నారు. లోపల స్ప్రింగు గట్టిగా ఉంది. కటింగ్ ప్లేయరుతో కొన్ని చుట్లు కత్తిరించాను. పిడి వెన్నలా జారింది. సంతోషంగా మీట నొక్కితే గుండు గొట్టంలోంచి కారి నా పాదాల మీద పడింది. మావారు ఎంత మర్యాదగా నవ్వు ఆపుకున్నారో చెప్పలేను.

విప్పి చూస్తే సంగతి తెలిసింది. గుండు కంటే గొట్టం వదులు. గట్టి స్ప్రింగు ఉన్నప్పుడు గాలి కొంత పక్కలనుంచి పోయినా చెల్లిపోయింది. ఇప్పుడున్న కాస్త గాలీ పోకుండా గుండుకి సరిపోయే గొట్టం కావాలి. మరీ బిగుతైతే గుండు కదలదు. ఇక నాకు గొట్టాల పిచ్చి పట్టింది. కరెంటు వైర్లు దూర్చే పైపు తెస్తే వదులైంది. మావారి పాత గొడుగు కాడ బిగుతైంది. పెరట్లో బొప్పాయి కాడ అతికినట్టు సరిపోయింది, సాయంత్రమంతా గుళ్లు గోడ దాకా ఎగిరాయి. తెల్లారేసరికి అది వడిలిపోయి ముడుచుకుంది. రైల్లో వస్తూ ఎదుటివాళ్ల చేతికర్రల్లోకి, టిఫిను క్యారేజీ పిడుల్లోకి తొంగిచూసే స్థితికి వచ్చాను.

ఆ రాడ్డు ఎన్నేళ్లుగానో నా కళ్లముందే ఉంది. మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ కర్టెను లాగుతుంటే తట్టింది. దించి, ఒక చివర గుండు పెట్టి, నోటితో ఊదాను. గుండు రెండో చివరనుంచి రివ్వున పోయి డాక్టరు గారి సర్టిఫికెట్టు ఫ్రేముకి తగిలింది. గుమ్మంలో మా ఆయా నిలబడి ఉంది.

"ఏంటమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అంది.

జనరేటరు గదిలోంచి ఇనపరంపం తెచ్చి కోశాం. ముందు మూరెడు కోశాను. తుపాకీ ఎంత పొడుగుంటే గుండు అంత దూరం పోతుందని నా జ్ఞానం. గుండు మధ్యలో ఆగిపోయింది. అంత పొడుగు గొట్టాన్ని నెట్టే గాలి దాంట్లో లేదు మరి. కొంచెం కొంచెంగా కోసుకుంటూ జానెడుకి వచ్చాక, సైకిలు ట్యూబు ముక్క చుట్టి తుపాకీలో బిగించాం. మీట నొక్కాను. గుండు గది ఈ చివరనుంచి ఆ చివరికి తిన్నగా పోయింది. నేనూ ఆయా ఒకళ్లనొకళ్లు పట్టుకుని గెంతాం. మిగిలిన రాడ్డు మళ్లీ పనికిరాదని అప్పటికిగానీ మాకు గుర్తురాలేదు.

షావుకారు గారు ఆ వెండిరంగు గొట్టాన్ని ఒకసారి చూశారు, నన్నొకసారి చూశారు. కుడిచేత్తో పిడి లాగారు. వచ్చింది. ఎడమచేత్తో మీట నొక్కారు. గోడవారన పేర్చిన ఖాళీ జాకెట్టుముక్కల అట్టపెట్టె ఒకటి కిందపడింది. పక్షవాతం వచ్చాక ఆయన మొదటిసారి నవ్వడం అదేనని వాళ్లావిడ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నారు.

ఆ తరవాతి వారాలు నా ఉద్యోగంలో నాకు చాలా ఇష్టమైనవి. మెట్లెక్కుతుంటేనే పైనుంచి టప్పు టప్పుమని వినిపించేది. ఆయన కాలుస్తుంటే గుళ్లు గదంతా చెదిరేవి. మా ఆయా వాటిని ఏరి, మోకాళ్ల మీద కూర్చుని, గొట్టంలో పెట్టి అందించేది. ఆయన చెయ్యి చాచబోతే "బాబుగారు వంగుతారేంటండీ, నేను లేనూ?" అనేది. ఆవిడ పెళ్లిచీర ఆ కొట్లోదే. ఆవిడ లేకపోతే వాళ్లావిడ పెట్టేవారు, వాళ్లావిడ లేకపోతే గుమాస్తా పెట్టేవాడు. ఆట అయ్యాక, కొట్టు కబుర్లు వింటూ, ఆయన మణికట్టు కిందికి వంచి, పిడి చుట్టూ బిగుసుకున్న వేళ్లని ఒక్కొక్కటే నేను విప్పేదాన్ని. పట్టు చూస్తే నా చెయ్యి నొప్పిపుట్టేంత గట్టిగా ఉంది. డాక్టరు గారు వచ్చి చూసి నన్ను మెచ్చుకున్నారు. రాడ్డు సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు.

శ్రావణమాసం వచ్చింది. పోలవరం వైపునుంచి ఒక రైతు కుటుంబం, ముసలావిడతో సహా, మధుపర్కాలకి వచ్చింది. పెళ్లికూతురి నాయనమ్మకి షావుకారు గారి తండ్రి ఇచ్చారు, ఆవిడ కొడుక్కి ఈయన ఇచ్చారు. ఇప్పుడు మనవరాలికి. కిందినుంచి ఆ మాట వినపడగానే ఆయన "నేను దిగుతున్నాను" అన్నారు. ఉతికిన పంచె కట్టుకుని, నా భుజం పట్టుకుని మెట్లు దిగి, ఎన్నో నెలల తరవాత గద్దె మీద కూర్చున్నారు. కొట్లోవాళ్లంతా లేచి నిలబడ్డారు.

వాళ్లావిడ బొట్టుపెట్టిన మడతని ఆయన కుడిచేతిలో పెట్టారు. వేళ్లు మూసుకున్నాయి. ఎడమచెయ్యి మోచేతికి ఆనించి ఆయన చెయ్యి చాచారు. పెళ్లికూతురి తండ్రి దోసిలి పట్టాడు.

బట్ట దోసిట్లోకి రాలేదు. ఆయన వేళ్లు విడలేదు.

పెళ్లికూతురి తండ్రి మెల్లగా లాగాడు. ఇంకాస్త లాగాడు. షావుకారు గారు వదలాలని ఎంత ప్రయత్నిస్తే పిడికిలి అంత బిగుస్తోంది. నుదుటిమీద చెమట కనిపిస్తోంది. నేను వెళ్లి అందరిముందూ వేళ్లు విప్పితే ఆయన పరువు ఏమవుతుందో నాకు తెలుసు. విప్పకపోతే ఏమవుతుందో అదీ తెలుసు.

అప్పుడు ఆ నాయనమ్మ నోరు విప్పింది. "ఏంటి షావుకారు గారూ, బట్ట ఇవ్వబుద్ధి కావట్లేదా ఏంటండీ?" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "లాగకురా. పెళ్లిబట్టని ఇంత గట్టిగా పట్టుకున్న చెయ్యి నేనెక్కడా చూడలేదు. మన పిల్ల కాపరం కూడా ఇంత గట్టిగానూ ఉంటాది. ఆయ్, నేను చెబుతున్నాను కదా!"

కొట్టంతా నవ్వేసింది. ఆ సందట్లో వాళ్లావిడ ఆయన మణికట్టుని, నేను చేస్తుండగా చూసినట్టే, కిందికి వంచారు. వేళ్లు సడలాయి. బట్ట దోసిట్లో పడింది. వాళ్లు సంతోషంగా వెళ్లారు. షావుకారు గారు మాత్రం నవ్వలేదు. మెట్లెక్కి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, "రేపట్నుంచి రావద్దమ్మా" అన్నారు.

అయినా మర్నాడు వెళ్లాను, నా సామాను తెచ్చుకునే వంకతో. మా ఆయా రాలేదు. "ఆ మొహం నేను చూడలేనమ్మా" అంది. ఆయన గోడవైపే తిరిగి ఉన్నారు. నేను నేలమీద కూర్చుని మంచంకింద గుళ్లు ఏరాను. ఏమీ తోచక ఒక గుండు తీసి గొట్టంలో పెట్టాను. పెట్టి వదిలాను. నా వేళ్లు తెరుచుకోవడం నేనే చూశాను.

ఇంకొకటి తీసి పెట్టాను. మళ్లీ చూశాను.

ఇన్ని వారాలూ ఆయన చెయ్యి పట్టుకుంది, లాగింది. ఒక్క గుండునైనా ఎత్తి, గొట్టం దాకా తెచ్చి, వదలలేదు. ఆ పని మా ఆయా చేసింది, ఇల్లాలు చేశారు, గుమాస్తా చేశాడు. పిడి మీంచి వేళ్లు విప్పడం నేను చేశాను. పెద్దమనిషి వంగితే మాకు మర్యాద తక్కువ. ఆయన చేతికి కావలసిన వైద్యాన్ని మేమంతా పోటీపడి మా చేతులకి చేయించుకున్నాం. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"మీ చేతిదేం తప్పు లేదండీ, మాదే" అని అంతా చెప్పాను. ఆయన ఇటు తిరిగారు.

"అంటే ఇన్నాళ్లూ నాకు వసూళ్లు నేర్పి, ఇవ్వడం నేర్పలేదన్నమాట" అన్నారు.

"అవునండి."

"షావుకారుని కదా, వసూలు చెయ్యడమొక్కటీ సులువుగానే వచ్చి ఉంటుందిలే" అని లేచి కూర్చున్నారు.

గొట్టం మూతి ఆయన చేతికి చిన్నదని, కిరసనాయిలు పోసే గరాటు ఒకటి కోసి దానికి తగిలించాను. అప్పుడది తుపాకీలా లేదు, బాకాలా ఉంది. ఇంట్లో అందరినీ నిలబెట్టి ఒకటే చెప్పాను. "ఇకనుంచి గుళ్లు ఎవరూ ముట్టుకోవద్దు. ఎవరూ సాయం పట్టొద్దు." మా ఆయాకి అది నరకం. గుండు దొర్లుతుంటే ఆవిడ చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చునేది. ఆయన ఒక్క గుండు ఎత్తి గరాటు దాకా తెచ్చి, వదల్లేక, తిట్టి, మళ్లీ ప్రయత్నించి, పొద్దుటిపూటంతా గడిపేవారు. వంటింట్లో వాళ్లావిడ గిన్నెలతో అవసరానికి మించి చప్పుడు చేసేవారు. ఒకరోజు ఒక గుండు గరాటులో పడింది. దాన్ని కాల్చడానికి ఆయన తొందరపడలేదు. పడిన చోటు చూస్తూ కూర్చున్నారు. కార్తీకం నాటికి వేళ్లు వాటంతట అవే తెరుచుకోసాగాయి, ముందు చిటికెన వేలు, తరవాత ఒక్కొక్కటి.

మాఘమాసంలో ఆయన మళ్లీ గద్దె మీద కూర్చున్నారు. కోరుకొండ వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన కొడుకు పెళ్లికి మధుపర్కాలు అడిగాడు. నేను స్తంభం పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. షావుకారు గారు మడతని కుడిచేత్తో ఎత్తారు, చాచారు, వదిలారు. ఎంత అందంగా వదిలారంటే నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను.

రైతు బట్ట చూసుకుని మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అదేంటండీ, అలా వదిలేశారు?"

"వదలకపోతే?"

"పోలవరం వాళ్లకి గట్టిగా పట్టుకుని మరీ ఇచ్చారంట కదండీ. కాపరం గట్టిగా ఉంటుందని చెప్పుకుంటున్నారు. మాకేం తక్కువండీ?"

షావుకారు గారు నావైపు చూశారు. ఆ చూపుకి నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన బట్ట వెనక్కి తీసుకున్నారు. పిడికిలి బిగించి చెయ్యి చాచారు. రైతు లాగాడు. ఇవ్వలేదు. మళ్లీ లాగాడు. ఇంకాస్త ఉంచి, వదిలారు. రైతు మొహం వెలిగిపోయింది. ఆ రోజునుంచి ఆ కొట్లో అదే ఆచారమైంది. ఆయన పరువు కాపాడ్డానికి ఆ నాయనమ్మ అన్న మాట అలా స్థిరపడిపోయింది.

చాలా ఏళ్ల తరవాత మా అమ్మాయి పెళ్లి కుదిరింది. రిటైరై ఇంట్లో ఉంటున్న మా ఆయాని కూడా వెంటబెట్టుకుని వంతెన దాటి ఆ కొట్టుకే వెళ్లాను. షావుకారు గారు బాగా పెద్దవారైపోయారు. జుట్టంతా తెల్లబడింది. మడతకి బొట్టుపెట్టి కుడిచేత్తో చాచారు. నేను పట్టుకుని లాగాను. ఇవ్వలేదు. నవ్వుతూ మళ్లీ లాగాను. ఇవ్వలేదు. మరీ ఎక్కువసేపైంది. నా కళ్లు వాటంతటవే ఆయన వేళ్ల కణుపుల మీదికి పోయాయి. తెల్లబడి ఉన్నాయి. ఆచారం కోసం పట్టుకున్నారో, ముసలితనంలో పాత బిగుతు తిరగబెట్టిందో ఇంత అనుభవమున్న నాకే తెలియలేదు. మణికట్టు వంచుదామని చెయ్యి ముందుకు చాపాను.

"ఎవరూ సాయం పట్టొద్దు" అన్నారాయన.

చిటికెన వేలు ముందు తెరుచుకుంది. తరవాత ఉంగరం వేలు. తరవాత మిగిలినవి. మధుపర్కాలు నా చేతుల్లోకి వచ్చాయి. నేను అక్కడే, గద్దె ముందు నిలబడి, వెక్కి వెక్కి ఏడ్చాను. పెళ్లికూతురి తల్లి కదా, మామూలేనని కొట్లో అందరూ అనుకున్నారు.